రిటైర్ అయ్యాక ఏ దేశం? ఐదింటి మధ్య ఇరుక్కుపోయాం, సలహా చెప్పండి

వలసపక్షి57:
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 57, మా ఆవిడకు 54. ఉద్యోగం పేరుతో బయటికొచ్చి 28 ఏళ్లయింది, నాలుగు దేశాలు మారాం. ఇప్పుడున్న చోట వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం అయిపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. పుట్టిన దేశానికి వెళ్దామంటే అక్కడ మా వాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. పిల్లలిద్దరూ చెరో ఖండంలో ఉన్నారు. అందుకే మూడో దేశం చూసుకుంటున్నాం.

నేనో ఎక్సెల్ షీటు తయారుచేశాను. వీసా, పన్ను, ఖర్చు, వాతావరణం, ఆస్పత్రులు, భాష, ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు. పోర్చుగల్, స్పెయిన్, థాయిలాండ్, మలేషియా, పనామా చివరిదాకా వచ్చాయి. మొదటిదానికీ ఐదోదానికీ తేడా రెండే మార్కులు. నిన్న రాత్రి మా ఆవిడ షీటంతా చూసి "ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగి వెళ్లి పడుకుంది. నాకు అర్థం కాలేదు. ఖర్చంతా ఇద్దరికీ కలిపే వేశాను మరి.

అనుభవం ఉన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

లెక్కలపిచ్చి:
స్వాగతం వలసపక్షి గారూ. షీటు పెట్టేవాళ్లంటే నాకు అభిమానం. ముందు వీసా గడి గట్టిగా నింపండి, సగం తలనొప్పి అక్కడే తగ్గిపోతుంది.

థాయిలాండ్‌కు 50 నిండితే చాలు. అక్కడి బ్యాంకులో 8 లక్షల బాట్లు ఉంచాలి, లేదంటే నెలకు 65 వేల బాట్ల ఆదాయం చూపించాలి. ఏడాదికోసారి పొడిగింపు, 90 రోజులకోసారి ఎక్కడ ఉంటున్నారో చెప్పడం. పోర్చుగల్‌లో డీ7 అనే వీసాకు అక్కడి కనీస వేతనమంత ఆదాయం ఉండాలి, 2025లో అది నెలకు 870 యూరోలు. భార్యకు అందులో సగం అదనం. స్పెయిన్‌లో నాన్ లుక్రటివ్ అనే వీసాకు నెలకు 2,400 యూరోలు, భార్యకు ఇంకో 600. దాని మీద ఏ పనీ చేయకూడదు.

పనామాలో నెలకు 1,000 డాలర్ల పెన్షన్, భార్యకు 250. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ ఓ మెలిక ఉంది. పెన్షన్ అంటే బతికున్నంత కాలం వచ్చేదే. బ్యాంకులో ఎంత మూలుగుతున్నా దీనికి లెక్కలోకి రాదు. 57కి మీకు అలాంటిది మొదలైందా? లేకపోతే పనామా మార్కులు ఇప్పటికి కొట్టేయండి. కోస్టారికా పెన్షన్ వీసాదీ అదే కథ, అదే వెయ్యి.

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో రిటైర్ అయ్యేవాళ్లకని వీసా లేదు. బ్రిటన్‌లో ఉన్నదాన్ని 2008లో తీసేశారు. ఆస్ట్రేలియా కూడా 2018లో మూసేసింది.

గట్టుమీదమనిషి:
జాబితాలో మలేషియా చూసి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. నా మీద నాకే వచ్చిన నవ్వు. 2002 నుంచి నడుస్తున్న మై సెకండ్ హోమ్ అనే దీర్ఘకాల వీసా పథకం కోసం 2019లో కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. ఫైలు తయారయ్యేసరికి 2020లో ఆపేశారు. 2021లో తెరిచారు, అప్పటికి నెలకు 10 వేల రింగిట్లుగా ఉన్న ఆదాయం షరతు 40 వేలైంది. 2024లో మళ్లీ మార్చి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు మెట్లు పెట్టారు. కింది మెట్టుకే లక్షా 50 వేల డాలర్ల డిపాజిట్, పైగా ఇల్లు కొనాలి. సరవాక్ రాష్ట్రానికి వేరే పథకం ఉంది, షరతులు కొంచెం నయం.

ఐదేళ్లలో ఇన్ని మార్పులు. ఆ ఫైలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మీ షీటులో "మాట మీద నిలబడతారా" అని ఇంకో గడి కలపండి సార్.

పన్నులరాయుడు:
వీసా ఎలాగోలా వస్తుంది. ఏడాదికేడాది జేబులోంచి పోయేది పన్ను. గ్రీస్‌లో బయటి నుంచి వచ్చే పెన్షన్ మీద 7 శాతమే, అది కూడా 15 ఏళ్ల పాటు. దక్షిణ ఇటలీలో చిన్న ఊళ్లకు వెళ్లి ఉంటే అదే 7 శాతం, పదేళ్లు. పనామా అయితే బయట సంపాదించినదాని జోలికే రాదు. స్పెయిన్‌లో ఏడాదికి 183 రోజులు దాటి ఉన్నారా, ప్రపంచంలో ఎక్కడ ఎంత వచ్చినా చెప్పాలి. 50 వేల యూరోలు దాటిన బయటి ఆస్తుల చిట్టా కూడా ఇవ్వాలి. ఇంత తెలిశాక కూడా స్పెయిన్‌ని జాబితాలో ఉంచి గ్రీస్‌ని వదిలేశారంటే ఏమనాలి?

పాతకాపు:
రాయుడు గారూ, పన్ను చూసి దేశాన్ని ఎంచుకోవడం పెళ్లికొడుకు బండి చూసి పిల్లనివ్వడం లాంటిది. బండి రేపు అమ్మేయొచ్చు.

పోర్చుగల్ సంగతి తీసుకోండి. కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లకిచ్చే ఎన్‌హెచ్ఆర్ అనే పన్ను రాయితీ మీద మొదట్లో బయటి పెన్షన్‌కు పన్నే ఉండేది కాదు. 2020 నుంచి కొత్తగా చేరేవాళ్లకు 10 శాతం అన్నారు. 2024 నుంచి కొత్తవాళ్లకు తలుపే వేసేశారు. థాయిలాండ్‌లో బయటి డబ్బు గురించి ఏళ్ల తరబడి ఎవరూ అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు ఏడాదికి 180 రోజులు ఉంటే, 2024 జనవరి 1 తర్వాత సంపాదించి లోపలికి తెచ్చుకున్నదానికి లెక్క చూపించాలి. మీరు చెప్పిన 7 శాతాలు కూడా ఈరోజు మాటే.

నేను ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను కాబట్టి వలసపక్షి గారికి రెండు సంగతులు చెబుతాను. మా కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ఆ కొండ చూసే ఈ ఇల్లు తీసుకున్నాం. ఫిబ్రవరి వెళ్లేసరికి పొలాలు, అడవులు తగలబడి పొగ దిగుతుంది, కొండ మాయమవుతుంది. మళ్లీ ఏప్రిల్‌లో వాన పడితే గానీ కనపడదు. పొద్దున బాల్కనీ రెయిలింగ్ మీద వేలితో గీస్తే నల్లటి గీత పడుతుంది. ఆ రెండు మూడు నెలలూ కిటికీలు బిగించి గాలి శుద్ధి చేసే యంత్రం ముందు కూర్చుంటాం. మేం మొదట చూడ్డానికి వచ్చింది డిసెంబర్‌లో. అందరూ డిసెంబర్‌లోనే వస్తారు.

రెండోది మారకం. నా పక్కింటాయన పెన్షన్ పౌండ్లలో వస్తుంది. 2007లో ఒక పౌండుకు 70 బాట్ల దాకా పలికేది, 2019 చివరికి 40 దగ్గరకు పడింది. దీనికి తోడు బ్రిటిష్ ప్రభుత్వ పెన్షన్ ఏటా పెరుగుతుంది గానీ థాయిలాండ్‌లో, ఆ మాటకొస్తే మలేషియా, ఆస్ట్రేలియా, కెనడాల్లో కూడా, ఉండేవాళ్లకు పెరగదు. ఎంత దగ్గర ఆగిందో అంతే. స్పెయిన్‌లో, పోర్చుగల్‌లో ఉంటే పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లో కూడా పెరుగుతుంది, అదేం తర్కమో నాకు తెలీదు. ఆయనకు 82. అరవై ఐదో ఏట అందుకున్న అంకెనే ఇప్పటికీ అందుకుంటున్నాడు. మీ పెన్షన్ ఏ దేశానిదో రాయలేదు. ముందు అది కనుక్కోండి.

పన్నులరాయుడు:
పోలిక బాగుంది గానీ బండి లేకుండా కాపురం ఎలా నడుస్తుందో కూడా చెప్పండి 🙂 పొగ విషయం మాత్రం ఒప్పుకుంటాను.

చలిచీమ:
పాతకాపు గారి డిసెంబర్ మాట చదివి రాస్తున్నా. మేం ఉత్తర పోర్చుగల్‌ని జూన్‌లో చూసి పడిపోయాం. ఆ ఎండ, ఆ గాలి, సాయంత్రాలు పదింటిదాకా వెలుతురు. అక్టోబర్‌లో సామాను దించుకున్నాం. పాత ఇళ్లలో సెంట్రల్ హీటింగ్ ఉండదు, గోడలు రాతివి. జనవరిలో బయటికంటే లోపలే చలి. నిజంగా చెబుతున్నా, బయటికెళ్లేటప్పుడు కోటు విప్పి, ఇంటికొచ్చాక వేసుకునేవాళ్లం. తేమ పీల్చే యంత్రం కొన్నాం, రోజుకు రెండుసార్లు దాని డబ్బా నిండేది, పారబోయడం మా ఆయన డ్యూటీ. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి బూజు. నా పట్టుచీరలు రెండు పోయాయి.

ఇప్పుడు కొత్త అపార్టుమెంటుకి మారాం, బాగానే ఉంది. పోర్చుగల్ మీద నాకు కోపం లేదు. జూన్‌లో చూసి నిర్ణయించుకున్న మా మీదే ఉంది.

సందేహాలరావు:
ఈక్వడార్ గురించి ఎవరూ అనలేదేం? ఎప్పుడూ వసంతం లాంటి వాతావరణం అంటారు కదా.

రిటైర్డ్‌నర్సు:
సందేహాలరావు గారూ, అక్కడి క్వెంకా నగరం సుమారు 2,500 మీటర్ల ఎత్తులో ఉంది, కీటో ఇంకా పైన. వసంతం నిజమే, గాల్లో ఆక్సిజన్ తక్కువన్నదీ నిజమే. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఆ ఎత్తుకు వెళ్లకూడదు. ఇప్పుడు లేదంటారు. డెబ్బై ఐదుకు రావచ్చు కదా?

వలసపక్షి గారి షీటులో "ఆస్పత్రులు: 9" అని ఉంటుందనుకుంటున్నా. ఆస్పత్రి బాగుండటం వేరు, దాని లోపలికి మీరు వెళ్లగలగడం వేరు. ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావరకు 70, 75 దాటాక కొత్త పాలసీ ఇవ్వవు. ముందే ఉన్న జబ్బుల్ని మినహాయిస్తాయి. అమెరికాలో పెద్దవాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ దేశం దాటితే దాదాపు పనిచేయదు. అలాగని అందులో డాక్టర్ ఖర్చులకుండే పార్ట్ బి మానేసి తర్వాత చేరదామంటే, మానేసిన ప్రతి పన్నెండు నెలలకు 10 శాతం చొప్పున ప్రీమియం పెరిగి అది జీవితాంతం ఉండిపోతుంది. స్పెయిన్‌లో ఒక మంచి ఏర్పాటుంది. ఏడాది నివాసం ఉన్నాక 65 దాటినవాళ్లు నెలకు 157 యూరోలు కట్టి ప్రభుత్వ వైద్యంలో చేరొచ్చు. పాత జబ్బులున్నా కాదనరు. మందుల ఖర్చు మాత్రం మీదే. ఆ మొదటి ఏడాదికి ప్రైవేటు పాలసీ వీసా కోసం ఎలాగూ తీసుకోవాలి.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. భాష. సరుకులు తెచ్చుకునే భాష మూడు నెలల్లో వస్తుంది. నొప్పి చెప్పుకునే భాష వేరు. నేను పనిచేసినచోట ఒక పెద్దాయన వచ్చాడు, మన భాషవాడే. సలుపుతోందా, పోటు పొడుస్తోందా, మంటా, గుంజుతోందా, తిమ్మిరా అని నేనడిగితే టకటకా చెప్పాడు. అంతకుముందు డాక్టర్ ముందు ఫోనులో అనువాదం యాప్ పెట్టుకుని చెప్పాడట. ఆ యాప్ అన్నిటినీ ఒక్కటే మాట చేసింది, నొప్పి అని.

వలసపక్షి57:
ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. పనామా కొట్టేశాను, నా పెన్షన్ 65కి గానీ మొదలవదు. మలేషియా కూడా దాదాపు పోయినట్టే. నేను చూసిన ఫొటోలన్నీ జూన్‌వీ, డిసెంబర్‌వీ అని ఇప్పుడే గమనించాను.

నీలిగొడుగు:
వలసపక్షి గారూ, మీ ఆవిడ అడిగిన ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తెలిసినంత చెబుతాను.

మేం వెళ్లిన దేశం పేరు రాయను, ఎక్కడైనా ఇలాగే జరిగి ఉండేది. వీసా ఆయన పేరు మీద, నేను ఆయన మీద ఆధారపడినదాన్ని. బ్యాంకు ఖాతా ఆయనది. అద్దె అగ్రిమెంటు, కరెంటు మీటరు, ఇంటర్నెట్, రెండు ఫోన్ల సిమ్ములు, అన్నీ ఆయన పేరే. దాపరికం ఏమీ లేదు, ఆ కాగితాల పనులంటే నాకు విసుగు, ఆయనకు సరదా. మూడో ఏడాది ఒక మంగళవారం పొద్దున ఆయన పోయారు.

బ్యాంకువాళ్లకు తెలిసిన రోజే ఖాతా ఆపేశారు. వాళ్ల రూలు అది, తప్పు పట్టను. అద్దె ఆ ఖాతాలోంచే దానంతటదే వెళ్లేది, ఆగింది. ఫోను బిల్లూ అందులోంచే, ఆగింది. కొన్నాళ్లకు సిమ్ములు పనిచేయడం మానేశాయి. ఏ వెబ్‌సైటు తెరిచినా ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది. పిల్లలకు ఫోన్ చేయడానికి కింద కాపలా ఉండే అబ్బాయి ఫోన్ అడిగి తీసుకున్నాను. మరణ ధ్రువపత్రం వాళ్ల భాషలో ఇచ్చారు, దాన్ని అనువాదం చేయించాలి, అధికారిక ముద్రలు వేయించాలి. నేను భార్యనని చూపించడానికి పెళ్లి సర్టిఫికెట్ తీస్తే అందులో నా పేరులో ఒక అక్షరం తేడా. ముప్ఫై ఏళ్లు ఎవరూ చూడని అక్షరం.

ఇమిగ్రేషన్ ఆఫీసులో అతను మంచివాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, నీళ్లిచ్చాడు. తర్వాత, ఆయన లేరు కాబట్టి మీ వీసాకు ఆధారం లేదు, నెల గడువిస్తాను అన్నాడు. ఇంట్లో సామాను సంగతి ఆలోచించే ఓపిక కూడా లేదు నాకు. రెండు పెట్టెలతో వచ్చేశాను.

ఇప్పుడు వేరే దేశంలో ఉంటున్నాను. నా పేరు మీద వీసా, నా ఖాతా, నా సిమ్ము. కరెంటు బిల్లు మీద మొదటిసారి నా పేరు చూసి ఫ్రిజ్‌కి అంటించాను, ఇంకా అక్కడే ఉంది.

పాతకాపు:
అమ్మా, పద్నాలుగేళ్లుగా ఇక్కడుంటూ నేను మా ఆవిడకు బ్యాంకు ఖాతా తెరిపించలేదు. రేపు పొద్దున వెళ్తున్నాం.

లెక్కలపిచ్చి:
నేను వీసాల గురించి అంత రాసి "భార్యకు 250, భార్యకు 600" అని తేల్చేశాను. క్షమించండి అక్కా.

వలసపక్షి గారూ, మీ ఆవిడకు 54 కాబట్టి థాయిలాండ్‌లో ఆవిడ మీ మీద ఆధారపడనక్కర్లేదు. ఆవిడ పేరున విడిగా ఖాతా, విడిగా 8 లక్షల బాట్లు, విడిగా పొడిగింపు. రెట్టింపు డబ్బు బ్యాంకులో ఇరుక్కుపోతుంది, పైగా పొడిగింపు అయిన మూడు నెలల తర్వాత కూడా 4 లక్షల కంటే తగ్గనివ్వకూడదు. అయినా ఆవిడ కాళ్ల మీద ఆవిడ నిలబడుతుంది. పోర్చుగల్, స్పెయిన్‌లలో ఐదేళ్లు నిండాక ఆవిడ శాశ్వత నివాసం సొంతంగా అడగొచ్చు. ఐదేళ్ల లోపు ఏదైనా జరిగితే ఏంటన్నది అక్కడి లాయర్ని ముందే, రాతపూర్వకంగా అడగండి.

వీలునామాలశాస్త్రి:
ఇల్లు కొనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఆగండి. థాయిలాండ్‌లో విదేశీయుల పేరున భూమి రాదు. కాండో, అంటే అపార్టుమెంటు ఫ్లాటు, కొనుక్కోవచ్చు, భవనం మొత్తంలో 49 శాతం వరకే విదేశీయులకు. మెక్సికోలో తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపల అయితే బ్యాంకు ట్రస్టు ద్వారా, 50 ఏళ్ల గడువుతో. యూరప్‌లో కొనడం సులువే, తర్వాత ఎవరికి వెళ్తుందన్నదే చిక్కు. ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్‌లలో పిల్లల వాటా చట్టమే రాసిపెట్టింది, అంతా భార్యకే అని మీరు రాసినా చెల్లదు. దీనికి ఒక దారి ఉంది. 2015 ఆగస్టు 17 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, నా పౌరసత్వం ఉన్న దేశపు వారసత్వ చట్టమే వర్తించాలి అని వీలునామాలో రాసుకోవచ్చు. డెన్మార్క్, ఐర్లాండ్ దీనిలో లేవు. రాయకపోతే మీరు నివాసం ఉంటున్న దేశపు చట్టమే.

నా మట్టుకు నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, రెండేళ్లు అద్దెకుండండి. ఇల్లు కొన్నవాడు దేశం నచ్చకపోయినా నచ్చిందనే చెబుతాడు.

గట్టుమీదమనిషి:
ఆ చివరి మాట నా బీరువా మీద రాసి పెట్టుకుంటాను శాస్త్రి గారూ.

వలసపక్షి57:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. నీలిగొడుగు గారి పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు ఆవిడే ఒక షీటు చేసింది, కాగితం మీద, పెన్సిలుతో. అందులో గడులు ఇవి: నేను ఒక్కదాన్నే బస్సెక్కి ఆస్పత్రికి వెళ్లగలనా, డాక్టర్‌కి నా మాట అర్థమవుతుందా, ఇద్దరు పిల్లల్లో ఒక్కరైనా ఒక్క విమానంలో రాగలరా, నా పేరు మీద ఏమేం ఉంటాయి, నచ్చకపోతే రెండు పెట్టెలతో వెళ్లిపోవచ్చా. దీనికి మార్కుల్లేవు, అవును కాదు అంతే. పన్ను గడి ఆఖర్న ఉంది రాయుడు గారూ, తీసేయలేదు.

ఆ లెక్కన స్పెయిన్, థాయిలాండ్ మిగిలాయి. వచ్చే జనవరి, ఫిబ్రవరి వాలెన్సియాలో అద్దెకు ఉంటాం. స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఉండే షెంగెన్ టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు కాబట్టి అది సరిపోతుంది. మార్చిలో చియాంగ్ మాయ్. పాతకాపు గారూ, కొండ కనపడని నెలలోనే వస్తున్నాం.

పాతకాపు:
రండి రండి. మాస్కులు నేనిస్తాను. ఖాతా తెరిచాం, ఏటీఎం కార్డు వచ్చింది, పిన్ను నాకు చెప్పనంటోంది.

వలసపక్షి57:
నేను వాళ్లావిణ్ని, ఆయన లాగిన్ నుంచే రాస్తున్నా, నాకు వేరే ఖాతా చేసుకోవడం తర్వాతి పని. నీలిగొడుగు అక్కా, నా పెళ్లి సర్టిఫికెట్ తీసి చూశాను. పాస్‌పోర్టులో ఉన్న పేరుకీ దానికీ రెండు అక్షరాలు తేడా. మీరు సరిచేయించుకున్నారా, లేక ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ ఇచ్చారా?

నీలిగొడుగు:
అఫిడవిట్ ఒక ఆఫీసులో చెల్లింది, ఇంకో ఆఫీసులో చెల్లలేదు. చివరికి సర్టిఫికెట్ సరిచేయించాను, నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడే మొదలుపెట్టమ్మా. ఏమేం కాగితాలు కావాలో మెసేజ్‌లో పంపిస్తున్నా.